కావ్యమూ, నేరశాస్త్రమూ

పట్టపరీక్షకు చరిత్రో, సాహిత్యమో, అర్థశాస్త్రమో చదువుతున్న విద్యార్థి దానికి తోడుగా నేరశాస్త్రం కూడా చదువుతానన్నప్పుడు పెద్దలు కొందరు విస్తుపోతారు. కావ్యమెక్కడ, కన్నపుదొంగ ఎక్కడ అని వారి సందేహం. ఈ సందేహానికి సమాధానం మన నెల్లూరు సీమ సాహిత్య చరిత్రలోనే ఉన్నది.

13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దండి దశకుమారచరితమును తెనిగించి తిక్కన సోమయాజికి అంకితమిచ్చి, అభినవ దండి అనిపించుకున్నాడు. అందులో అపహారవర్మ రాజకుమారుడై యుండియు చంపానగరంలో చౌర్యవిద్య చేపట్టి, లోభుల ధనం కొల్లగొడతాడు. ఆ కథను తెనిగించిన చేతితోనే కేతన యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యాలలో వ్రాశాడు. దొంగ మనస్సును వర్ణించినవాడే న్యాయవిధిని కూడా చెప్పాడన్న మాట. ఆ రెండు చదువులూ ఒకదాని కొకటి పరాయివని ఆయన ఎంచలేదు.

ఆ రెండింటినీ విడదీసినందువలన కలిగిన అనర్థం కూడా ఈ తీరమే చూసింది. 1876లో ఇటలీ వైద్యుడు లోంబ్రోసో తన గ్రంథంలో నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనీ, కపాలమూ ముఖమూ చూసి అతనిని గుర్తింపవచ్చుననీ సిద్ధాంతం చేశాడు. అంతకు అయిదేండ్ల ముందే, 1871లో, మన దేశంలో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసి, కులాలకు కులాలనే నేరస్థుల పట్టీలో వ్రాసే అధికారం తీసుకున్నది. 1911 చట్టంతో అది మదరాసు రాజధానికి కూడా వర్తించింది.

ఆ పట్టీలో చేరినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. పూర్వం వీరు సముద్రతీరపు ఉప్పును పశువులపై వేసుకొని మెట్టసీమలకు మోసుకుపోయి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్ముకొనేవారు. దొరతనంవారు ఉప్పుపై గుత్తాధికారం విధించారు. తరువాత రైళ్లు వచ్చాయి. బ్రతుకుతెరువు పోయి తిరుగాడేవాడు అనుమానితుడైనాడు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీవారు వీరికై సెటిల్‌మెంట్లు నడిపారు. బిట్రగుంట చేరువనున్న కప్పరాళ్లతిప్ప కూడా అట్టిదే. అక్కడివారు వేళకు హాజరు పలకాలి; చీటీ లేనిదే పొలిమేర దాటరాదు. బిడ్డలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలకు పంపే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికిచ్చింది. ఉపాధ్యాయులు గమనింపవలసిన మాట ఇది: బడి కూడా శిక్షలో భాగమైన కాలం ఒకటుండినది.

వారిలో దొంగతనం చేసినవారే లేరని కాదు. కాని హాజరు పలుకకపోవడమే నేరమైనప్పుడు, జైలు రిజిస్టరులో ఆ కులం పేరు పెరుగుట వింత కాదు గదా! లెక్క మాత్రమే చూసే నేరశాస్త్రి ఆ రిజిస్టరును ప్రమాణంగా తీసుకుంటాడు. చరిత్ర చదివినవాడు అది ఎవరు, ఎందుకు వ్రాశారని అడుగుతాడు. అర్థశాస్త్రం చదివినవాడు ఉప్పుపన్ను మాట ఎత్తుతాడు. సాహిత్యం చదివినవాడు ఆ పట్టీలోని పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడని మరువడు.

ఈ తీరపు యానాదుల మాట మరీ విచిత్రం. రాత్రివేళ పంట కావలికి రైతు వారినే పిలిచేవాడు. ధాన్యం పోయినప్పుడు అనుమానం కూడా వారిపైనే. వారి పక్షాన నిలిచినవారు నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు. యానాదులను సంఘటితపరచి, ఆ చట్టం పోవలెనని ఏండ్ల తరబడి పోరాడి, వారి జీవితాన్ని గూర్చి గ్రంథం వ్రాశారు. మదరాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయినది. 1973లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. న్యాయశాస్త్రమూ, మానవ పరిశీలనా ఒక్క వ్యక్తిలో కలిసినందువలన జరిగిన మేలిది.

శాస్త్రం కూడా తన తప్పు దిద్దుకున్నది. అమెరికాలో సదర్లాండ్ అను ఆచార్యుడు 1939లో నేరప్రవృత్తి రక్తంలో రాదని, సహవాసం వలన అలవడుతుందని సూత్రీకరించాడు. ఉన్నతోద్యోగాలలో ఉన్న పెద్దమనుషుల నేరాలను కూడా లెక్కలోనికి తేవలెనన్నాడు. నేడు మన తీరానికి చేరువనున్న మదరాసు విశ్వవిద్యాలయంలో నేరశాస్త్రానికి ప్రత్యేక శాఖయే ఉన్నది. అక్కడికి వెళ్లదలచిన విద్యార్థి తన చరిత్రను, సాహిత్యాన్ని గుమ్మం వెలుపల విడిచి పోనక్కరలేదు. అవియే అతనికి దారిబత్తెం.

చట్టం రద్దయి డెబ్బది ఏండ్లు దాటినది. ఐనను తరగతిలో ఒక కలం పోయినప్పుడు, మన చూపు మొదట ఏ బిడ్డ వైపు తిరుగుతున్నదో ఒక్కసారి పరీక్షించుకోవలె. నేరశాస్త్రంలో మొదటి పాఠం అక్కడే ఆరంభమవుతుంది. దానికి విశ్వవిద్యాలయం దాకా పోనక్కరలేదు.