టెరిజియం (కంట్లో కండ)

టెరిజియం అనగా కంటి తెల్లగుడ్డును కప్పి ఉండే పలుచని పొర కండవలె పెరిగి, నల్లగుడ్డు మీదికి ప్రాకే స్థితి. వాడుకలో దీనిని "కంట్లో కండ పెరగడం" అంటారు. ఇది త్రికోణాకారంలో, ఎక్కువగా ముక్కువైపు నుండి మొదలవుతుంది. చిన్న రెక్క అనే అర్థమున్న గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చింది. ఇది క్యాన్సరు కాదు, అంటువ్యాధీ కాదు. కంటి లోపలి కటకం మసకబారే శుక్లం వేరు, ఇది వేరు. రెండింటినీ "పొర" అనడం వలన పలువురు తికమకపడుతుంటారు.

కారణాలు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్రధాన కారణం. గాలి, దుమ్ము, ఇసుక తోడవుతాయి. సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరమున్న శ్రీకాకుళం జిల్లాలోను, పొరుగున ఉన్న విజయనగరంలోను మత్స్యకారులు, రైతుకూలీలు దినమంతా ఎండలోనే పనిచేస్తారు. తలపాగా తలను కాపాడుతుంది గాని కళ్ళకు నీడనివ్వదు. నీటి మీద, ఇసుక మీద పడిన వెలుగు క్రిందినుండి కూడా కంటికి తగులుతుంది. అందుచేత వెడల్పు అంచు టోపీతో పాటు, అతినీలలోహిత కిరణాలను ఆపే కళ్ళద్దాలు కూడా అవసరం.

చికిత్స

కండ చిన్నదిగా ఉండి, చూపుకు అడ్డురానప్పుడు శస్త్రచికిత్స అక్కరలేదు. మంట, ఎరుపు తగ్గడానికి కన్నీటి చుక్కలు చాలును. చుక్కల మందుతో కండ కరగదు. ఎరుపు త్వరగా తగ్గుతుందని స్టిరాయిడ్ చుక్కలను దుకాణంలో కొని నెలల తరబడి వేసుకోవడం ప్రమాదకరం. వాటివలన కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చును. అలా పోయిన చూపు తిరిగి రాదు. ఆకుపసర్లు, చనుబాలు పోయడం వలన నల్లగుడ్డుకు పుండుపడే అపాయమున్నది.

కండ కనుపాప దిశగా సాగుతున్నా, నల్లగుడ్డును లాగి దాని వంపును మార్చి చూపు మసకబరుస్తున్నా శస్త్రచికిత్స చేస్తారు. పూర్వం కండను కోసి ఆ చోటును అలాగే వదిలేవారు. అప్పుడు చాలామందికి అది మరల పెరిగేది. అట్లు పెరిగినది మొదటిదానికన్న మొండిది. ప్రస్తుతం అదే కంటి పైభాగం నుండి కొద్దిపాటి ఆరోగ్యకరమైన పొరను తీసి, కోసిన చోట అతికిస్తున్నారు. కుట్లు గాని, ఫైబ్రిన్ జిగురు గాని, రోగి స్వంత రక్తం గాని దీనికి వాడతారు. ఈ పద్ధతిలో కండ తిరిగి రావడం బాగా తగ్గింది. కొందరికి మైటోమైసిన్-సి అనే మందు కూడా వాడతారు గాని, మోతాదు మీరితే తెల్లగుడ్డు పలుచబడే ప్రమాదమున్నది. చికిత్సకు కంటి చుట్టూ మాత్రమే మత్తు ఇస్తారు. సాధారణంగా ఆ రోజే ఇంటికి వెళ్ళవచ్చును. తరువాత కొన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి, ఎండకు, దుమ్ముకు దూరంగా ఉండాలి. కూలిమీద బ్రతికేవారికి ఇదే కష్టమైన భాగం. వీలైతే పనులు తక్కువగా ఉన్న రోజులలో శస్త్రచికిత్స చేయించుకోవడం మేలు. మరల పెరగడం సాధారణంగా మొదటి సంవత్సరంలోనే బయటపడుతుంది.

విశాఖపట్నంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, 2006లో అక్కడ ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ శాఖ ఈ జిల్లాలవారికి దగ్గరలోని పెద్ద కంటి ఆసుపత్రులు.

చరిత్ర

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో "అర్మ" అనే పేరుతో ఇటువంటి వ్యాధి ఐదు రకాలుగా వర్ణించబడినది. కండను కొక్కెంతో పైకెత్తి కోసే విధానం కూడా అందులో ఉన్నది.