కిన్నెరకు వెల కట్టేదెవరు?

గోడకు తగిలిస్తే అదో అలంకరణ. కళాకారుడి చేతికిస్తే కథ చెబుతుంది. అరుదైన జానపద వాద్యాన్ని అమ్మాలన్నా కొనాలన్నా అసలు చిక్కంతా అక్కడే!

హైదరాబాద్‌లోని తార్నాక దగ్గర, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఉంది. తాళపత్రాలకూ పాత రాతప్రతులకూ అది నెలవు. తాతల నాటి తాటాకుల కట్ట ఇంట్లో బయటపడితే ఎక్కడ అప్పగించాలో చెప్పడానికి అలా ఓ చిరునామా అంటూ ఉంది. మరి అటక మీద పాత కిన్నెర దొరికితే? ఎవరికివ్వాలి? అమ్మితే ఎంతకమ్మాలి?

ఇదే ఉస్మానియాలో 1950ల్లోనే బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలపై పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు. పల్లెపాటకు విశ్వవిద్యాలయం పీట వేసింది. ఆ పాటకు తోడైన వాద్యం మాత్రం చాలాకాలం గుమ్మం బయటే ఉండిపోయింది. ప్రాచ్యలిఖిత గ్రంథాలయానికి సంచాలకులుగా పనిచేసిన ఆచార్య జయధీర్ తిరుమలరావు ఆ లోటును గమనించినవారిలో ఒకరు. ఊరూరా తిరిగి జానపద, గిరిజన వాద్యాలనూ కళారూపాలనూ ఏళ్ల తరబడి సేకరించారు. ఆయన పూనుకోకపోతే వాటిలో ఎన్ని మూలపడి పాడైపోయేవో!

వెదురు, సొరకాయ, తేనెమైనం

కిన్నెర తయారీకి కావలసిన సరుకు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఓ వెదురు బొంగు, ఎండబెట్టి గుల్ల చేసిన సొరకాయ బుర్రలు, తీగలు. మెట్లను నిలబెట్టడానికి మైనం. అందానికి అద్దాలు, పూసలు, నెమలి ఈకలు. చివర్న ఓ చెక్క పిట్ట. కళాకారుడు తీగ మీటినప్పుడల్లా అదీ తలూపుతుంది!

సరుకు విలువ లెక్కేస్తే పెద్దగా ఏమీ ఉండదు. ఏ బుర్ర పలుకుతుందో, ఏది పలకదో తట్టి చెప్పగలగాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో చెవితోనే పోల్చుకోవాలి. ఆపైన పండుగ సాయన్న లాంటి వీరుల కథలు గంటలకొద్దీ నోటికి రావాలి. ఇవేవీ అంగట్లో దొరకవు. వాద్యాన్ని కొన్నవారికి వెదురూ బుర్రా దక్కుతాయి. విద్య మాత్రం అమ్మినవారి దగ్గరే ఉండిపోతుంది.

బిరుదు వచ్చింది... బతుకుతెరువో?

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు పేరు తెచ్చారు. ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో వినిపించిన ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2022లో పద్మశ్రీ వరించింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయల నగదు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. అదే మొగిలయ్య 2024 మేలో నగర శివారులోని తుర్కయాంజాల్‌లో భవన నిర్మాణ కూలీగా కనిపించారు. ఆ దృశ్యం చూసి చాలామంది నొచ్చుకున్నారు.

నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పదీ దగ్గరి కథే. బుర్రవీణ వాయించేవారు దాదాపు కనుమరుగైన కాలంలో ఆయనకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం మనిషిని గౌరవిస్తుంది, నిజమే. కానీ మర్నాడు ఆ వాద్యాన్ని నేర్చుకుంటామనో, కొత్తది చేసిపెట్టమనో ఎవరూ తలుపు తట్టకపోతే కళ ఆ తరంతోనే ఆగిపోతుంది.

స్వీడన్‌లో ఏం చేశారు?

ఇలాంటి గండమే స్వీడన్‌లో నికెల్‌హార్పా అనే వాద్యానికీ వచ్చింది. చూడ్డానికి ఫిడేలులా ఉంటుంది. కుడిచేత్తో కమాను లాగుతూ, ఎడమచేతి వేళ్లతో చెక్క మీటలు నొక్కుతారు. గోట్లాండ్ దీవిలో 1350 ప్రాంతం నాటి చర్చి ద్వారం మీద ఇలాంటి వాద్యాన్నే చెక్కారు. అంత పాతది! ఇరవయ్యో శతాబ్దంలో వాయించేవారు కొద్దిమందే మిగిలారు. అప్పుడు ఎరిక్ సాల్‌స్ట్రోమ్ అనే కళాకారుడు దాన్ని వాయించడంతో సరిపెట్టుకోలేదు. తానే తయారుచేశారు, తయారీ నేర్పించారు. ఇప్పుడు ఆయన పేరిట ఓ శిక్షణ సంస్థ కూడా ఉంది. 1996లో వచ్చిన 50 క్రోనార్ల నోటు మీద ఈ వాద్యం బొమ్మనూ ముద్రించారు.

అక్కడ పాతవాటిని దాచుకోవడంతో ఆగలేదు. కొత్తవి చేయించుకున్నారు. తయారీదారుకు పని దొరికింది, నేర్చుకునేవారికి వాద్యం అందింది. మన బొబ్బిలి వీణ నిలిచింది కూడా ఇలాగే. గొల్లపల్లి కళాకారులు పనసచెక్కతో వీణలు మలుస్తారు. వాయించేవారి కోసం పెద్దవి, కానుకలిచ్చేవారి కోసం చిన్నవి. కొనేవారున్నారు కాబట్టి ఉలి ఆగలేదు. కిన్నెరకు లేనిది ఆ గిరాకీయే.

అమ్మే ముందు ఆలోచించండి

ఇంట్లో పాత వాద్యం ఉందా? తొందరపడి బేరం కుదుర్చుకోవద్దు. పురావస్తువులు, కళాసంపదల చట్టం-1972 ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీల్లేదు. పూర్వం కొన్ని కిన్నెరలకు అలుగు పొలుసులతో మెట్లు పెట్టేవారు. అలుగు వన్యప్రాణి రక్షణ చట్టం కింద గట్టి రక్షణ ఉన్న జంతువు. దాని పొలుసులున్న వాద్యాన్ని అమ్మడం నేరమవుతుంది. నెమలి ఈకలనూ దేశం దాటించకూడదు.

మెరుస్తుందని కొత్త రంగులు పూయొద్దు, మెట్లు పీకొద్దు. వాయించిందెవరు, ఏ ఊరు, ఏ కథలు పాడేవారు... తెలిసినంతా కాగితం మీద పెట్టండి. ఆ వివరాలు లేని వాద్యం పేరులేని ఫొటో లాంటిదే. వాయించగలిగిన పెద్దవారు ఇంట్లో ఉంటే ముందుగా వారి పాట రికార్డు చేయండి.

ఇక కొనేవారికో మాట. హాల్లో పెట్టుకోవడానికే అయితే కళాకారుడి చేతిలో ఉన్నదాన్ని అడగొద్దు. అది ఆయన పనిముట్టు. కొత్తది చేసిపెట్టమని అడగండి. దాని ఖరీదుతో పాటు నాలుగు రోజుల కూలీ, ఓ పూట పాటకు పారితోషికం కలిపివ్వండి. వీలైతే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. మొదటి మెట్టు మీద వేలు ఎక్కడ పెట్టాలో ఆయనే చూపిస్తారు!