పోటు గీతకు ఇవతల

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు మళ్లీ వేశారో అక్కడివాళ్లు లెక్కపెట్టడం మానేశారు. తుపాను వస్తే కెరటాలు రోడ్డెక్కుతాయి, ఆ తర్వాత లారీలు రాళ్లు తెచ్చి పోస్తాయి. ఇసుక కూరిన పెద్ద పెద్ద గొట్టాలు, జియోట్యూబులు, కూడా పరిచి చూశారు. అవీ నిలవలేదు. భూతాపం వల్ల సముద్రం ముందుకొస్తోందని పత్రికల్లో రాస్తుంటారు. అది సగం నిజమే.

ప్రపంచ సముద్రమట్టం 1901 నుంచి 2018 వరకు సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. మొదట్లో నెమ్మదిగా పెరిగినా, 2006 నుంచి 2018 వరకు ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది, కరిగిన మంచు వచ్చి దానికి తోడవుతుంది. కానీ మిల్లీమీటర్ల లెక్కన పెరిగే నీరు తానొక్కటే ఉప్పాడలో వీధులకు వీధులను మింగలేదు. ఇందులో ఇసుకకూ పాత్ర ఉంది.

మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే అలలు దాన్ని ఉత్తరానికి నెడుతుంటాయి. తీరం బ్యాంకు ఖాతా లాంటిది: వచ్చిన ఇసుక కన్నా పోయింది ఎక్కువైతే ఆ తేడాను నేల చెల్లించాలి. గోదావరి తెచ్చిన ఇసుకలో కొంత కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్‌గా పేరుకుంది. ఆ దిబ్బ అడ్డు ఉండడంతో కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంటుంది. ఆ అడ్డు దాటాక ఉత్తరాన ఉన్నది ఉప్పాడ. అలల తాకిడి అక్కడ ఎక్కువ, అందే ఇసుక తక్కువ.

అసలు నది తెచ్చే ఒండ్రే తగ్గిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 2000–2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి మరీ ఘోరం: 1960ల చివర్లో 90 లక్షల టన్నులుంటే, 2000 తర్వాత 4 లక్షలకు దిగింది. మిగతాది ఎక్కడికీ పోలేదు, చాలావరకు పైన జలాశయాల అడుగున ఉంది. నాగార్జునసాగర్ గురించి మాట్లాడేటప్పుడు ఆయకట్టు ఎంతో చెబుతాం గానీ, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర నేల ఏమవుతోందో ఎవరూ అడగరు.

ఇక చట్టం. సముద్రపు ఒడ్డున 500 మీటర్ల మేర కట్టడాలు రాకుండా చూడమని ఇందిరాగాంధీ 1981లో తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. పదేళ్ల తర్వాత, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరిలో తీర నియంత్రణ మండలం నోటిఫికేషన్ వచ్చింది. అందరూ సీఆర్‌జడ్ అనేది దీన్నే. ఇందులో కొలతలన్నీ హైటైడ్ లైన్ నుంచి మొదలవుతాయి. అంటే అమావాస్య, పౌర్ణముల పెద్ద పోటుకు నీరు నేల మీద ఎంతవరకు వస్తుందో ఆ గీత. అక్కడి నుంచి లోపలికి ఇన్ని మీటర్లలో ఇది కట్టవచ్చు, ఇది కట్టకూడదు అని నిబంధనలు.

ఈ గీత చెప్పేది నేటి పోటు సంగతే. ఇల్లు మాత్రం యాభై అరవై ఏళ్లు ఉండాలని కడతాం. కోత పడే తీరంలో పోటు గీత లోపలికి జరుగుతూనే ఉంటుంది, పటంలోది మాత్రం మళ్లీ సర్వే చేసేదాకా కదలదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, దేశ ప్రధాన భూభాగ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని తేల్చింది. అంత మేర పటం పాతబడుతున్నట్టే.

దీనికి శాస్త్రం దగ్గర విరుగుడు లేకపోలేదు. 2011 నోటిఫికేషన్ హజార్డ్ లైన్ అనే మరో గీతను తెచ్చింది. ఆటుపోట్లు, అలలు, సముద్రమట్టం పెరుగుదల, ఒడ్డు జరగడం అన్నీ కలిపి, ప్రమాదం ఎంత లోపలికి రాగలదో చెప్పే గీత అది. సర్వే ఆఫ్ ఇండియా దేశ తీరమంతా దాన్ని గీసింది. తీరా 2019 జనవరి నోటిఫికేషన్ దాన్ని నియంత్రణ నుంచి తప్పించి, విపత్తు ప్రణాళికలకు పనికొచ్చే సాధనంగా మిగిల్చింది. జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధం 200 మీటర్ల నుంచి 50కి తగ్గింది కూడా అప్పుడే. అంత కష్టపడి తయారుచేసిన పటాన్ని చట్టం అటక ఎక్కించడం నాకు మింగుడుపడదు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. 200 మీటర్ల నిబంధన మత్స్యకారులనూ ఇబ్బంది పెట్టింది. తెప్ప కనుచూపు మేరలో ఉండాలి, వలలు ఆరబెట్టుకోవాలి, తెల్లవారకముందే వేటకు కదలాలి. ఒడ్డు వదిలి బతకలేని వాళ్లకు సొంత ఇల్లు కట్టుకోవడమే నేరంలా తయారైంది. వాళ్లకు సడలింపు న్యాయమే. కానీ అదే సడలింపు రిసార్టులకూ దారి తెరిచింది.

దేశాల విషయంలో న్యాయం మరోలా ఉంది. ఒకసారి ప్రకటించిన సముద్ర సరిహద్దు ఆధార రేఖలను నీటిమట్టం పెరిగినంత మాత్రాన దేశాలు మార్చుకోనక్కర్లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలైలో అభిప్రాయపడింది. ఒడ్డు జరిగినా దేశం హక్కు జరగదన్నమాట. ఇల్లు పోయిన ఉప్పాడ కుటుంబానికి అలాంటి భరోసా లేదు. తుపాను ఒక్క రాత్రిలో ఇంటి గోడను పడగొడితే అది కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉంటుంది. అదే గోడను అలలు పదేళ్లపాటు కొంచెం కొంచెంగా కొరికితే ఆ జాబితాలో చోటు లేదు. 15వ ఆర్థిక సంఘం ఈ లోటును గమనించి, 2021–26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైనవారి పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. ఆ పునరావాసానికి స్థలం వెతికే అధికారి ముందు పోటు గీత ఉంటుంది, 50 మీటర్లో 200 మీటర్లో కొలిచి చూసుకుంటాడు. ఆ స్థలం హజార్డ్ లైన్‌కు ఏ వైపున పడుతుందో చూడమని మాత్రం 2019 నోటిఫికేషన్ ఆయన్ను అడగదు.