మీకు తెలుసా? కంపెనీ షేర్లు, పీఎఫ్, వీలునామా

హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతంతో పాటు అమెరికా కంపెనీ షేర్లు, నెలనెలా పీఎఫ్. ఎన్నో తెలుగు ఇళ్ల కష్టార్జితం ఇప్పుడు ఇలాగే ఉంది. అది చివరికి మనవాళ్ల చేతికే అందాలంటే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని.

★ 100 షేర్లు వెస్ట్ అయ్యాయని, అంటే మీ సొంతమయ్యాయని మెయిల్ వస్తుంది. ఖాతా తెరిస్తే 68 కనిపిస్తాయి. ఆ 100 షేర్ల విలువ జీతం కిందే లెక్క. 30 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి పన్ను 31.2 శాతం. అందుకు సరిపడా షేర్లను చాలా కంపెనీలు అప్పుడే అమ్మేస్తాయి.

★ మిగిలినవి అమ్మినప్పుడు లాభాన్ని వెస్ట్ అయిన రోజు ధర నుంచే లెక్కగట్టాలి. ఆ ధర రాసిపెట్టుకోండి.

★ మన ఆదాయపు పన్ను రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అందులోని షెడ్యూల్ ఎఫ్‌ఏలో విదేశీ షేర్ల వివరాలు మాత్రం జనవరి నుంచి డిసెంబరు వరకు ఇవ్వాలి.

★ మరణానంతరం ఆస్తిపై వేసే పన్నును మన దేశం 1985లో ఎత్తేసింది. అమెరికాలో అది ఇంకా ఉంది. హైదరాబాద్‌లో ఉంటున్న భారతీయుడు పోయినా, ఆయన పేరునున్న అమెరికా కంపెనీ షేర్లు 60,000 డాలర్లు దాటితే, ఆ పైమొత్తానికి పన్ను 40 శాతం దాకా పడొచ్చు.

★ పెళ్లికి ముందు పీఎఫ్‌లో నామినీగా తమ్ముడి పేరు రాశారా? పెళ్లయ్యాక అది చెల్లదు. మళ్లీ రాయాలి.

★ షేర్లకు నామినీ అయినంత మాత్రాన యజమాని అయిపోరు. అవి చట్టబద్ధ వారసులకే చెందుతాయని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది.

★ వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే, స్వార్జితంలో తల్లికి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. వీరిలో ఒక్కరున్నా తండ్రికి ఏమీ రాదు. చదివించిన నాన్నకు కొంత దక్కాలనుకుంటే వీలునామా రాయాల్సిందే.

★ వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం, మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు.

ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి. షేర్ల ఖాతా, పీఎఫ్ యూఏఎన్ నంబరు, వీలునామా ఉన్న చోటు ఒక నోటుపుస్తకంలో రాసి, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.