ఎంటీఎస్ ఫైలూ, కన్వర్టర్ మాయా

సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగ్ పద్ధతిని ప్రకటించాయి. దానితో అరచేతిలో ఇమిడే క్యామ్‌కార్డర్ కూడా హెచ్‌డీ వీడియో తీసి, టేపు అక్కర్లేకుండా మెమరీ కార్డులో దాచడం మొదలుపెట్టింది. అయితే కార్డులో చేరిన ఎంటీఎస్ ఫైళ్లు ఆనాటి కంప్యూటర్లకు కొరుకుడుపడలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టైమ్‌లైన్ మీద పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. అందుకని పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవాళ్లంతా ముందు కన్వర్ట్ చేసి, ఆ తర్వాతే పనిలో కూర్చునేవారు. అప్పట్లో అది తప్పనిసరి. ఇప్పుడు చాలామట్టుకు తప్పనిసరి కాదు. అయినా పాత కార్డులు, హార్డ్‌డిస్కులు బయటికి తీసి కుటుంబ వీడియోలు కత్తిరించుకుందామనుకునే వాళ్లకు మొదట దొరికే సలహా మాత్రం ఇంకా అదే: ‘‘ఏదైనా కన్వర్టర్ డౌన్‌లోడ్ చేసుకోండి.’’ ఆ సలహా వెంట వచ్చే నమ్మకాల్లో కొన్నింటిని ఇక్కడ పరిశీలిద్దాం.

అపోహ: ఎంటీఎస్ ఫైలును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోదు, ముందు మార్చాల్సిందే

ఒకప్పటి ఫైనల్ కట్ ప్రో 7 విషయంలో ఇది నిజమే. కార్డులోంచి తెచ్చుకునేటప్పుడే అది ఫుటేజీని ఎడిటింగ్‌కు తేలికైన ప్రోరెస్ వంటి రూపంలోకి మార్చేది. ఎడియస్ వాడే స్టూడియోలు కనోపస్ హెచ్‌క్యూ ఏవీఐగా మార్చుకునేవి. కానీ 2008 నాటి ప్రీమియర్ ప్రో సీఎస్4 ఈ ఫైళ్లను నేరుగానే తీసుకుంది. 2010లో సీఎస్5 పూర్తిగా 64 బిట్‌కు మారాక పని ఇంకా తేలికైంది. 2011లో వచ్చిన ఫైనల్ కట్ ప్రో ఎక్స్ కూడా ప్రోరెస్ చేయకుండానే ఎడిట్ చేసుకోనిచ్చింది.

అసలు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. ఏవీసీహెచ్‌డీలో ఉండేది హెచ్.264 కుదింపు. అందులో పూర్తి బొమ్మ సుమారు అరసెకనుకు ఒకటే ఉంటుంది. మిగతా ఫ్రేముల్లో ముందు బొమ్మకూ దీనికీ తేడా ఏమిటన్నదే రాసి ఉంటుంది. కొన్ని ఫ్రేములైతే తమ తర్వాత రాబోయే ఫ్రేమును కూడా చూడనిదే తయారు కావు. వరసగా చూసుకుంటూ పోతే కంప్యూటర్‌కు పెద్ద శ్రమ లేదు. ఎడిటర్ అలా చూడడు. వెనక్కి లాగుతాడు, మధ్యలో ఆపుతాడు, ఫ్రేము ఫ్రేముగా జరుపుతాడు. అలా జరిపినప్పుడల్లా, పూర్తి బొమ్మతో మొదలయ్యే ఆ అరసెకను ఫ్రేముల గుంపును విప్పుతూ వస్తే గాని కావలసిన ఒక్క ఫ్రేము దొరకదు. పాత ప్రాసెసర్లు అలసిపోయింది అక్కడే. 2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ పేరుతో ఈ విప్పే పనికే ప్రత్యేకమైన భాగం వచ్చింది. గ్రాఫిక్స్ కార్డుల్లోనూ అలాంటివి ఉన్నాయి.

కాబట్టి ముందు ఫైలును టైమ్‌లైన్ మీద పెట్టి చూడండి. సాఫీగా నడిస్తే మార్చాల్సింది ఏమీ లేదు. నడవకపోయినా వెంటనే కన్వర్టర్ కోసం వెతకనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లోనే ప్రాక్సీ సౌకర్యం ఉందేమో చూడండి. తేలికపాటి నకళ్లతో ఎడిట్ చేస్తారు, ఎక్స్‌పోర్ట్ వేళకు అది అసలు ఫైళ్లనే వాడుకుంటుంది. ప్రీమియర్ ప్రోలో ఇది 2016 నుంచీ ఉంది. నిజంగా మార్చాల్సి వచ్చే సందర్భాలు కొన్ని మిగిలే ఉన్నాయి. లినక్స్ మీద ఉచిత డావిన్సీ రిజాల్వ్ వాడేవాళ్లకు హెచ్.264 తెరుచుకోదు. మూడు నాలుగు కెమెరాల ఫుటేజీని పక్కపక్కన నడిపించాలంటే పాత ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది.

అపోహ: కన్వర్ట్ చేస్తే క్వాలిటీ పెరుగుతుంది

ఫైలు సైజు చూసి కలిగే భ్రమ ఇది. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున రికార్డయిన గంట ఏవీసీహెచ్‌డీ ఫుటేజీ 10.8 జీబీ ఉంటుంది. దాన్నే ప్రోరెస్ 422కు మారిస్తే, సెకనుకు 25 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీలో, గంటకు 55 జీబీ దాకా అవుతుంది. అయిదు రెట్లు. చూసేవాళ్ల కంటికి మాత్రం తేడా ఏమీ ఉండదు.

క్యామ్‌కార్డర్ రంగును నాలుగు పిక్సెళ్లకు ఒకసారి చొప్పునే, 8 బిట్ లోతులో నమోదు చేసింది. రికార్డింగ్ నాడే వదిలేసిన వివరాన్ని ఏ కన్వర్టరూ వెనక్కి తేలేదు. 10 బిట్ ఫైలుగా మార్చినంత మాత్రాన పట్టుచీర జరీలో కొత్త మెరుపేమీ పుట్టదు. మరి ప్రోరెస్, అవిడ్ వాళ్ల డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ, సినీఫామ్ వంటివి ఎందుకున్నాయి? వాటిలో ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తిగా ఉంటుంది. పక్క ఫ్రేముల్ని విప్పాల్సిన పని ఉండదు కాబట్టి యంత్రానికి హాయి. పైగా రంగులు సరిచేసి, టైటిల్స్ వేసి, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ పలుమార్లు రెండర్ అయినా బొమ్మ పెద్దగా చెదరదు. అంటే ఆ పెద్ద సైజు మీరు కంప్యూటర్ సుఖానికి చెల్లించే అద్దె.

అపోహ: ఎంపీ4 చేసేస్తే చాలు, ఏ కన్వర్టరైనా ఒకటే

ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదేనని నా అభిప్రాయం.

కన్వర్టర్‌లో బటన్ ఒకటే కనిపిస్తుంది గాని దాని వెనక మూడు వేర్వేరు పనులు జరగొచ్చు. ఫైలు తొడుగు మారొచ్చు, లోపలి కుదింపు మారొచ్చు, లేదా బొమ్మే మారొచ్చు. ఎంటీఎస్, ఎంపీ4, ఎంఓవీ అనేవి తొడుగుల పేర్లు. హెచ్.264, ప్రోరెస్ అనేవి లోపలున్న కుదింపు పద్ధతులు. జాడీలోని ఆవకాయను సీసాలోకి మార్చినంత మాత్రాన కారం తగ్గదు, తొడుగు మార్చడమూ అంతే. వీడియో బిట్లు ఉన్నవి ఉన్నట్టే కొత్త ఫైలులోకి వెళ్తాయి, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. ఇందులో లెక్కలు కట్టే పని లేనందున డిస్కు ఎంత వేగంగా రాయగలిగితే అంత త్వరగా ముగుస్తుంది. ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ‘కాపీ’ అన్న సూచనతో చేసేది ఇదే.

మార్కెట్లోని చాలా కన్వర్టర్లు అలా చేయవు. హెచ్.264ను విప్పి, మళ్లీ హెచ్.264గానే కుదించి ఎంపీ4 అని పేరు పెడతాయి. అలా రెండోసారి కుదించడంలో నాణ్యత కొంత పోతుంది. పోనీ ఎడిటింగ్ తేలికవుతుందా అంటే అదీ లేదు, మళ్లీ అదే ఫ్రేముల గుంపుల వ్యవహారం. గంటలకొద్దీ కంప్యూటర్‌ను వేడెక్కించి, ఉన్నదానికంటే తక్కువ నాణ్యతను చేతికి తెచ్చుకున్నట్టు.

హ్యాండ్‌బ్రేక్ సంగతీ చెప్పాలి. ఉచితం, నిజాయితీ గల సాఫ్ట్‌వేర్. కానీ అది చూసుకోవడానికి ఫైళ్లు తయారుచేసే పరికరం, ఎడిటింగ్ కోసం పుట్టింది కాదు. తెరవగానే ఎదురయ్యే ప్రీసెట్ పేరులోనే 1080పీ30 అని ఉంటుంది. అంటే సెకనుకు 30 ఫ్రేములు దాటనివ్వదు. 2011లో ఏవీసీహెచ్‌డీ రెండో వెర్షన్ వచ్చాక కొన్ని క్యామ్‌కార్డర్లు సెకనుకు 50 పూర్తి ఫ్రేములు రికార్డు చేశాయి. ఆ ఫుటేజీని సెట్టింగ్ మార్చకుండా ఇందులో వేస్తే, సెకనుకు ఇరవై ఫ్రేములు మాయమై కదలికలో కుదుపు మొదలవుతుంది. ఫ్రేము రేటును నిలకడగా ఉంచమని కూడా మనమే చెప్పాలి. లేకపోతే టైమ్‌లైన్ మీద మాటకూ పెదవికీ పొంతన తప్పే ప్రమాదం ఉంది.

ఇంకొక చిక్కు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఎంటీఎస్ బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. ఫైలు చెడిపోయిందని కంగారుపడతారు. చాలా క్యామ్‌కార్డర్లు శబ్దాన్ని డాల్బీ వారి ఏసీ-3 పద్ధతిలో రాస్తాయి, ఆ సాఫ్ట్‌వేర్‌కు అది రాదు, అంతే. వీడియోను కాపీ చేస్తూ శబ్దాన్ని మాత్రం పీసీఎంకు మార్చి ఎంఓవీ తొడుగులో పెడితే సరిపోతుంది. బొమ్మ జోలికి పోనక్కర్లేదు.

అపోహ: కార్డులో ఎంటీఎస్ ఫైళ్లు చాలు, మిగతా ఫోల్డర్లు చెత్త

కార్డు తెరిస్తే ప్రైవేట్, ఏవీసీహెచ్‌డీ, బీడీఎంవీ అంటూ ఫోల్డర్లో ఫోల్డరు ఉంటుంది. అన్నిటికంటే లోపల స్ట్రీమ్ అనే దాంట్లో ఎంటీఎస్ ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని మాత్రమే లాక్కుని కార్డును ఫార్మాట్ చేసేవాళ్లు ఎందరో!

32 జీబీ వరకూ ఉండే కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో నడుస్తాయి. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. అందుకని కెమెరా పొడవాటి షాట్‌ను 2 జీబీకో, 4 జీబీకో ఒకటిగా ముక్కలు చేసి రాస్తుంది. మీరు జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఆపకుండా తీసినా కార్డులో అది నాలుగైదు ఫైళ్లు. ఏ ముక్క తర్వాత ఏది, ఎక్కడ అతకాలి అన్న సమాచారం పక్కనున్న క్లిప్‌ఇన్ఫ్, ప్లేలిస్ట్ ఫోల్డర్లలో ఉంటుంది. కార్డు మొత్తం ఉంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాటిని చదివి ఒకే క్లిప్‌గా చూపిస్తుంది. విడి ఫైళ్లను పక్కపక్కన పేరిస్తే అతుకు దగ్గర శబ్దం చిటుక్కుమనడమో, క్షణం పాటు తెగిపోవడమో జరుగుతుంది. సరిగ్గా మంత్రం మధ్యలో.

ఫైళ్ల పేర్లతోనూ జాగ్రత్త. చాలా కెమెరాల్లో ప్రతి కొత్త కార్డులోనూ లెక్క 00000 నుంచే మొదలవుతుంది. రెండు కార్డులను ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదాని మీద ఇంకొకటి పడుతుంది. కార్డుకొక ఫోల్డరు పెట్టి, ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి.

అపోహ: కదిలే అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే ఫుటేజీ పాడైనట్టే

పాడవలేదు. మన దేశంలో అమ్ముడైన ఆ తరం క్యామ్‌కార్డర్లు ఎక్కువగా 1080ఐ50 పద్ధతిలో రికార్డు చేసేవి. సెకనుకు 50 సార్లు చూస్తాయి, కానీ ఒకసారి సరి గీతలు, ఇంకోసారి బేసి గీతలు. సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన ఆ రెండు సగాలనూ (ఫీల్డులనూ) కంప్యూటర్ తెర ఒకే బొమ్మగా చూపిస్తే, కదులుతున్న చెయ్యి అంచు గీతలు గీతలుగా విడిపోతుంది. యూట్యూబ్‌కో ఫోనుకో పంపాలంటే ఆ సగాలను పూర్తి ఫ్రేములుగా మార్చాలి, అంటే డీఇంటర్‌లేస్ చేయాలి. చేసేటప్పుడు ఫలితాన్ని సెకనుకు 50 ఫ్రేములుగా ఉంచుకోండి. 25కు కుదిస్తే కదలికలో సగం సమాచారాన్ని పారేసినట్టే. హెచ్‌డీలో పై ఫీల్డు ముందు వస్తుంది, పాత మినీ డీవీలో కింది ఫీల్డు ముందు. కన్వర్టర్ ఈ వరస తారుమారు చేస్తే డ్యాన్సు చేసేవాళ్లు ముందుకూ వెనక్కూ వణుకుతున్నట్టు కనిపిస్తారు.

మనుషులు సన్నగా, సాగినట్టు కనిపిస్తే కారణం వేరు. హెచ్‌డీవీ టేపులూ కొన్ని ఏవీసీహెచ్‌డీ కెమెరాలూ 1440×1080గా రికార్డు చేసి, చూపేటప్పుడు 1920 వెడల్పుకు సాగదీస్తాయి. ఆ సంగతి పట్టించుకోని కన్వర్టర్ చేసే పని అది. పిక్సెల్ నిష్పత్తిని 1.33గా సరిచేస్తే చాలు.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన కెమెరా అయినా, హెచ్‌డీ హెచ్‌డీయే కదా

అన్నయ్య డాలస్ నుంచి తెచ్చిన కెమెరా సెకనుకు దాదాపు 60 ఫీల్డులు తీస్తుంది, ఊళ్లో స్టూడియో వాళ్ల కెమెరా 50. రెంటినీ ఒకే టైమ్‌లైన్‌లో వేస్తే ఒకదాని కదలికలో కుదుపు తప్పదు. ఏ కెమెరా ఫుటేజీ ఎక్కువుంటే దాని ప్రకారం టైమ్‌లైన్ పెట్టుకుని, తక్కువున్న దాన్ని మాత్రమే మార్చాలి. ఆ అమెరికా కెమెరాతో ట్యూబ్‌లైట్ల వెలుగులో తీసినప్పుడు అలలు అలలుగా మినుకుమినుకుమంటే, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడమే కారణం. లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది, 1/60 షట్టరు దానితో కలవదు. ఆ మినుకును తర్వాత పూర్తిగా తుడిచేయడం కష్టం. తీసేటప్పుడే షట్టరును 1/50కో 1/100కో మార్చుకోవాలి.

అపోహ: డీవీడీ చేయించాం కదా, ఒరిజినల్ ఎందుకు?

మామూలు డీవీడీ, పేరు మీద ఏమని రాసినా, మన పాల్ పద్ధతిలో 720×576 దాటదు. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఉన్న పిక్సెళ్లలో సరిగ్గా అయిదో వంతు. డీవీడీ చేతికొచ్చాక కార్డును చెరిపేసిన ఇంట్లో మిగిలింది ఆ అయిదో వంతే. ఒరిజినల్ కార్డులో కాక హెచ్‌డీవీ టేపుల్లో ఉంటే, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించమని దుకాణంలో ఇచ్చేటప్పుడు ఫైర్‌వైర్ ద్వారా తీస్తారా అని అడగండి. అలా తీస్తే టేపు మీదున్న బిట్లే కంప్యూటర్‌లోకి వస్తాయి. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తీస్తే హెచ్‌డీ అక్కడితో సరి.

ప్రోరెస్ చేశాక ఎంటీఎస్ తీసేయడం కూడా ఇలాంటిదే. 1 టీబీ డిస్కులో గంటకు 10.8 జీబీ లెక్కన తొంభై గంటలకు పైగా అసలు ఫుటేజీ పడుతుంది. చోటు చాలకపోతే తీసేయాల్సింది ప్రోరెస్ కాపీలను. వాటిని ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తయారుచేసుకోవచ్చు.