ఒంట్లో ఊరే మందు

దసలి పట్టుపురుగుకు యాంటీబాడీలు లేవు. టీకాలు లేవు. అయినా అడవిలో, మద్ది చెట్టు మీద, వానలో బతుకుతుంది. దాన్ని కాచే ఆయుధం లాంటిదే మన చెమటలో, ఉమ్మిలో, తల్లిపాలలోనూ ఉంది.

వానలు పడి మద్ది చెట్లు ఆకు తొడిగితే గోదావరికి అటు చెన్నూరు, కోటపల్లి వైపూ, ఇటు మహదేవపూర్ వైపూ దసలి పట్టు రైతులకు పని మొదలవుతుంది. మల్బరీ పురుగుకు షెడ్డు ఉంటుంది, కోసి తెచ్చి వేసే ఆకు ఉంటుంది. దసలి పురుగుకు చెట్టే ఇల్లు. అక్కడే తింటుంది, అక్కడే పెరుగుతుంది, అక్కడే కొమ్మకు కాడతో సహా కాయ కడుతుంది. పిట్టలూ చీమలూ దాని కోసం కాచుకుని ఉంటాయి. వాటిని తోలడానికి రైతు పొద్దస్తమానం కాపలా ఉంటాడు.

మరి కంటికి కనిపించని శత్రువును ఎవరు తోలాలి? తడిసిన ఆకు మీద బ్యాక్టీరియా ఉంటుంది. తిన్న ప్రతి ముద్దతో కడుపులోకి పోతుంది. జబ్బు ముదిరితే పురుగులు చెట్టు మీదే రాలిపోతాయి, ఆ మాట నిజమే. కానీ అంత మురికిలో పెరిగే ప్రాణి కాయ కట్టేదాకా నిలవడమే అసలు వింత. మనిషికి ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయి. పురుగు జాతిలో దేనికీ అవి లేవు.

నిద్రపోతున్న పురుగును లేపితే

ఆ వింతను విప్పింది స్వీడన్‌లో హాన్స్ బోమన్. ఆయన ఎంచుకున్నది అమెరికా అడవుల్లోని సెక్రోపియా అనే పట్టు చిలుక. మన దసలి పురుగుకు అది దాయాది, రెండూ ఒకే కుటుంబానివి. రెండూ కాయలో ప్యూపాగా నెలల తరబడి నిద్రాణంగా ఉంటాయి. ఆ నిద్రలో శరీరం కొత్త ప్రోటీన్లేవీ పెద్దగా తయారు చేయదు. బోమన్‌కు కావలసింది సరిగ్గా అదే. నిద్రపోతున్న ప్యూపాలోకి ఆయన బృందం బ్యాక్టీరియాను సూదితో ఎక్కించింది. నిశ్శబ్దంగా ఉన్న ఒంట్లో కొన్ని కొత్త పదార్థాలు పుట్టుకొచ్చాయి, బ్యాక్టీరియాను చంపేశాయి. 1981లో వాటి నిర్మాణం నేచర్ పత్రికలో వచ్చింది. పేరు సెక్రోపిన్లు. పట్టుమని 40 అమైనో ఆమ్లాలు కూడా లేని చిన్న గొలుసులు. ఇలాంటి గొలుసులనే పెప్టైడ్లు అంటారు.

దసలి పురుగు మీద కూడా ఇలాంటి పని హైదరాబాద్‌లో జరిగింది. డీఎన్ఏ ఫింగర్ ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రంలో జె.నాగరాజు బృందం ఆ పురుగుకు బ్యాక్టీరియా ఎక్కించి, దాని కొవ్వు కణజాలంలో ఏయే జన్యువులు మేల్కొన్నాయో వెతికి 2006లో ప్రచురించింది. మరుసటి ఏడాది ఇంకో విశేషం చెప్పింది. పట్టు చిలుకల్లో లైసోజైమ్‌ను పోలిన ప్రోటీన్లు ఉన్నాయి, అవి లైసోజైమ్ చేసే పని చేయవు, అయినా బ్యాక్టీరియాను అడ్డుకుంటాయి.

పురుగు నుంచి మనిషికి

లైసోజైమ్ పేరు వినగానే గుర్తుకు రావలసింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. పెన్సిలిన్‌కు ముందే, 1922లో, ముక్కు చీమిడిలోనూ కన్నీళ్లలోనూ బ్యాక్టీరియాను కరిగించే ఆ ఎంజైమును ఆయన పట్టుకున్నాడు. మన ఒంట్లోనే మందు ఊరుతోందన్న సంగతి అప్పుడే బయటపడినా, పెన్సిలిన్ వెలుగులో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1985లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు మనిషి తెల్ల రక్తకణాల్లో డిఫెన్సిన్లు అనే పెప్టైడ్లను వేరుచేశారు. పదేళ్ల తర్వాత, చిలుకతో మొదలుపెట్టిన బోమన్ కూడా భాగస్వామిగా ఉన్న బృందమే మనిషి ఎముక మజ్జలో మరో జన్యువును కనుగొంది. దాన్నుంచి తయారయ్యే పెప్టైడే ఎల్ఎల్-37. పేరులో ఉన్నట్టే 37 అమైనో ఆమ్లాలు.

ఇవి ఒంట్లో ఎక్కడున్నాయని అడిగే కన్నా ఎక్కడ లేవని అడగడం సులువు. రామగుండం మే నెల ఎండకు కారే చెమటలో డెర్మ్‌సిడిన్ ఉంటుంది. జర్మనీ శాస్త్రవేత్తలు 2001లో దాన్ని చెమటలో గుర్తించారు, అంత ఉప్పులోనూ అది పనిచేస్తుంది. ఉమ్మిలో హిస్టాటిన్లు ఉంటాయి. చిన్నపేగు ముడతల అడుగున పానెత్ కణాలు డిఫెన్సిన్లను వదులుతూ ఉంటాయి. పుట్టిన బిడ్డ ఒంటిమీది తెల్లటి జిడ్డు పూతలోనూ, ముర్రుపాలలోనూ ఈ కుటుంబం వాళ్లే కాపలా.

ఆ కాపలా తప్పితే ఏమవుతుందో చెప్పే జబ్బు కూడా ఉంది. కోస్ట్‌మన్ వ్యాధితో పుట్టిన పిల్లలకు తెల్లకణాలు పడిపోతాయి. మందులతో ఆ సంఖ్య పెరిగినా చిగుళ్లు మాత్రం పాడవుతూనే ఉంటాయి. 2002లో పరిశీలిస్తే వారి ఉమ్మిలో ఎల్ఎల్-37 లేదని తేలింది.

తాళం తీయదు, గోడే కూలుస్తుంది

మామూలు యాంటీబయాటిక్ బ్యాక్టీరియాలోని ఏదో ఒక యంత్రానికి అడ్డుపడుతుంది. ఈ పెప్టైడ్లలో ఎక్కువ భాగం నేరుగా పొర మీద పడతాయి. బ్యాక్టీరియా పైపొరకు రుణావేశం ఎక్కువ. పెప్టైడ్లలో చాలావాటిది ధనావేశం. రెండూ అతుక్కుంటాయి. పెప్టైడ్‌లో ఒక వైపు నీటిని, ఇంకో వైపు కొవ్వును కోరుతుంది, సబ్బు లాగా. అలా కొవ్వు పొరలోకి దూరి చిల్లులు పెడుతుంది. మన కణాల పైపొరకు ఆవేశం దాదాపు లేదు, పైగా అందులో కొలెస్ట్రాల్ ఉంది. అందుకే ఇంటివాళ్లను వదిలి బయటివాళ్ల మీద పడగలుగుతుంది.

ఈ చదువులో హైదరాబాద్‌కు పాత వాటా ఉంది. 1979లో, సీసీఎంబీ (సెల్యులార్, మాలిక్యులర్ బయాలజీ కేంద్రం) పుట్టిన కొత్తలో, పుష్ప ఎం.భార్గవ, ఇ.ఎస్.పి.రెడ్డి కలిసి ఆంబోతు వీర్యంలో సెమినల్‌ప్లాస్మిన్ అనే సూక్ష్మజీవి నాశని ఉందని నేచర్‌లో ప్రకటించారు. 47 అమైనో ఆమ్లాల గొలుసు అది. తర్వాత అదే సంస్థలో ఆర్.నాగరాజ్, ఎన్.సీతారామ్ ఆ గొలుసును ముక్కలు చేసి చూశారు. అందులో 13 అమైనో ఆమ్లాల చిన్న ముక్క కూడా బ్యాక్టీరియాను చంపగలదని చూపారు.

ఎండకూ క్షయకూ మధ్య

మందులు రాని రోజుల్లో క్షయ రోగులను ఎండ కోసం, గాలి కోసం వికారాబాద్ దగ్గరి అనంతగిరికి, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి పంపేవారు. ఎండ ఎలా పనిచేస్తుందో అప్పుడెవరికీ తెలియదు. 2006లో సైన్స్ పత్రికలో ఒక జవాబు వచ్చింది. తెల్లకణం క్షయ బ్యాక్టీరియాను గుర్తించాక ఎల్ఎల్-37ను తయారు చేయాలంటే, ఎండతో ఒంట్లో తయారయ్యే విటమిన్ డి రక్తంలో ఉండాలి. డి తక్కువైతే ఆ పెప్టైడ్ తయారీ తగ్గుతుంది. మండే ఎండల దేశం కదా, మనకేం కొదవ అనుకోవద్దు. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో పల్లెల్లో పనిచేసుకునేవారిలోనూ డి లోపం కనిపించింది. పట్నంలో ఇంకా ఎక్కువ.

అలాగని డి మాత్రలు మింగితే క్షయ రాదా? మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. మాత్రలు వేసుకున్నవారికీ వేసుకోనివారికీ క్షయ సోకడంలో తేడా రాలేదు. ఒంట్లో జరిగే పనికీ సీసాలో అమ్మే సరుకుకూ మధ్య ఇంత దూరం ఉంటుంది. ఇమ్యూనిటీ పేరుతో వచ్చే పొడులనూ కషాయాలనూ కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ దూరం దాటడం పెద్ద కంపెనీలకూ కష్టమే అయింది. కప్ప చర్మంలో దొరికిన మగైనిన్ నుంచి తయారైన పెక్సిగానాన్ అనే మందును షుగర్ రోగుల కాలి పుండ్ల కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముందు పెడితే 1999లో అనుమతి రాలేదు. పెప్టైడ్లు ఒంట్లో త్వరగా విరిగిపోతాయి. తయారీ ఖర్చు ఎక్కువ. మోతాదు మించితే మన కణాలకూ ముప్పే. ప్రకృతి వీటిని కావలసిన చోట, కావలసినంతే వదులుతుంది.

కోళ్ల దాణాలో తప్పు

ఈ కుటుంబానికి దగ్గరి మందు ఒకటి మాత్రం ఎప్పటి నుంచో వాడకంలో ఉంది. పేరు కొలిస్టిన్. బ్యాక్టీరియా తయారు చేసే పెప్టైడ్ అది. ఐసీయూలో ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా దాని వైపు చూస్తారు. అదే మందును ఏళ్ల తరబడి కోళ్లూ పందులూ త్వరగా బరువెక్కడానికి దాణాలో కలిపారు. 2015లో చైనాలో ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపడింది. అది ఉన్న బ్యాక్టీరియా తన పైపొర ఆవేశాన్నే మార్చుకుని కొలిస్టిన్‌ను తప్పించుకుంటుంది.

ఆవేశం మారితే మన పెప్టైడ్లకు కూడా పట్టు తప్పుతుంది కదా? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో అదే చూపారు. ఎంసీఆర్-1 ఉన్న ఈ-కోలి బ్యాక్టీరియా కోళ్ల, పందుల, మనుషుల సొంత రక్షణ పెప్టైడ్లను కూడా ఎక్కువగా తట్టుకుంటోంది. బరువు కోసం దాణాలో వేసిన మందు, పుట్టుకతో వచ్చిన రక్షణకే గండి కొట్టిందన్న మాట.

మన దేశంలో కోళ్లకు, చేపల రొయ్యల చెరువులకు, దాణాకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. కోళ్ల ఫారం నడిపేవారు దాణా సంచి మీద, మందు డబ్బా మీద ఆ పేరు ఉందేమో ఒకసారి చూసుకోవాలి. ఉంటే వాడకుండా పక్కన పెట్టి, మండల పశువైద్యాధికారికి చెప్పాలి.