పగడానికీ పులికున్న రక్షణ

తాండూరు: తాండూరు నాపరాయి, సముద్రంలోని పగడపు దిబ్బ.. రెండింటిలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేటే. అయితే పగడం రాయి కాదు, జీవి. దాని దేహంలోని సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి అందిస్తాయి. రాత్రివేళ స్పర్శకాలతో సూక్ష్మజీవులను పట్టి తింటుంది.

అక్వేరియంలో ఇది బతకాలంటే లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు, 25 డిగ్రీలకు అటూఇటుగా ఉష్ణోగ్రత, తీక్షణమైన కాంతి ఉండాలి. బోరునీరు నేరుగా పనికిరాదు. తాండూరు, వికారాబాద్ ఎండల్లో తొట్టెను చల్లబరచక తప్పదు.

అంతకంటే ముఖ్యమైనది చట్టం. దిబ్బలు కట్టే రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ అందులోనే. మన సముద్రాల నుంచి వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా తప్పవు. అలంకరణకు కృత్రిమ పగడాలే శ్రేయస్కరం.